నురగ ఉన్నంతసేపు

ఆ రోజు సెలూన్ బాబాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్న తలుపు తీసింది మొదలు సాయంత్రం ఓడ వెళ్ళేదాకా తన కుర్చీ ఖాళీగా ఉండకూడదు. అందులో ఎప్పుడూ ఎవరో ఒకరు కూర్చుని ఉండాలి, వాళ్ళ ముఖం నిండా నురగ ఉండాలి. అంతకుమించి అతను ఎవరినీ ఏమీ కోరలేదు.

నురగ సంగతి చెప్పకపోతే ఈ పథకం అర్థం కాదు. ఆ రేవులో ఒక కట్టుబాటు ఉంది. ముఖం మీద నురగ ఉన్న మనిషిని కుర్చీలోంచి లేపకూడదు. బాబాయి తండ్రి కాలంలో ఓడ కూత విని సగం గడ్డంతో పరుగెత్తిన పెళ్ళికొడుకు ఒకడు, అవతలి ఒడ్డున దిగితే పెళ్ళివారు గుర్తుపట్టక తలుపు తీయలేదట. అప్పటినుంచీ సెలూను తలుపుకి తెల్ల తువ్వాలు వేలాడుతుంటే లోపల ఎవరో నురగలో ఉన్నారని అర్థం. తువ్వాలు దిగేదాకా ఓడ కదలదు. ఇది ఏ చట్టంలోనూ లేదు కాబట్టి ఇంతవరకూ ఎవరూ ఉల్లంఘించలేదు.

సెలూను ఉన్నది ప్రాంతీయ మండలి కార్యాలయం మెట్ల కింద. ఒక గది, ఒక అద్దం, నేలలోకి సిమెంటు పోసి తండ్రి పాతిన ఒక కుర్చీ. ఆ ప్రాంతానికి సొంత దేశం సముద్రాలకు అవతలెక్కడో ఉంది. పొరుగునున్న విదేశమే దగ్గర. ఇన్నాళ్ళకు ఆ దేశానికీ ఈ ప్రాంతానికీ స్నేహ సహకార ఒప్పందం కుదిరింది. వాళ్ళ ఆస్పత్రి ఓడ ఇక్కడికి వస్తుంది. ఇక్కడి చేపల పడవలు తుఫానులో వాళ్ళ రేవున తలదాచుకోవచ్చు. మంచి పనే. బాబాయి కూడా సంతోషించాడు. కానీ మండలి కార్యదర్శి ఆ స్నేహానికి ఒక గది కావాలన్నాడు. గాజు పెట్టెల్లో ఓడ బొమ్మలు, గోడకు రెండు పటాలు, గుమ్మం మీద 'మైత్రీ మందిరం' అని ఇత్తడి పలక. ఆ గది ఏదంటే, సెలూను. బదులుగా బాబాయికి మంచు ఫ్యాక్టరీ వెనక ఒక రేకుల షెడ్డు చూపించారు. అటువైపు మంచు తప్ప గడ్డాలు వెళ్ళవు.

మధ్యాహ్నం సంతకాలు. ఆ వెంటనే విదేశీ ప్రతినిధి చేత మందిరానికి ప్రారంభోత్సవం. ఆయన సాయంత్రం ఓడకు వెళ్ళిపోతాడు. అప్పటిదాకా కుర్చీ నిలిస్తే చాలు, ప్రారంభించేవాడు లేక మందిరం గాలికి పోతుంది.

"ఇవాళ కుర్చీ అక్కడే ఉండాలి, మీరు ఇంటికి రావాలి," అంది అతని భార్య, ఉతికిన తువ్వాళ్ళ మూట చేతికిస్తూ. "ఈ రెండూ తారుమారైతే మాత్రం నేను ఊరుకోను."

ఆమె తమ్ముడు మండలి కార్యాలయంలోనే అటెండరు. పైన కార్యదర్శికి ఫైళ్ళు మోస్తూ, కింద బావకు వార్తలు మోస్తూ రెండు ఉద్యోగాలూ నమ్మకంగా చేస్తున్నాడు. రిటైరైన పెద్దమనుషులను వరసగా పంపే బాధ్యత అతనిది. ఒక గడ్డం అయ్యేలోపు ఇంకో గడ్డం గుమ్మంలో ఉండాలి.

బాబాయి తలుపు తీసి, నీళ్ళు కాచి, కత్తిని తోలుపట్టీ మీద నూరాడు. గుమ్మంలో ఎవరూ లేరు. చాలాసేపటికి బావమరిది ఒక్కడే ఆయాసపడుతూ వచ్చాడు.

"ఏరా, గడ్డాలేవి?"

"అందర్నీ పైకి తీసుకుపోయారు బావా. హాలు నిండుగా కనబడాలని కార్యదర్శిగారు రిటైరైనవాళ్ళందరినీ కుర్చీల్లో కూర్చోబెట్టేశారు. హెడ్మాస్టరుగారు అప్పుడే నిద్రపోయారు కూడా."

"మరి నువ్వు కూర్చో."

"నాకు ఉద్యోగం ఉంది బావా."

"నాకూ ఉండేదిరా, ఇందాకటిదాకా."

బావమరిదికి ఆ మాట ఎక్కడో తగిలింది. కానీ పైనుంచి కార్యదర్శి గంట మోగింది. అది మోగితే అతని కాళ్ళు అతని మాట వినవు. మెట్లెక్కుతూ, "వాళ్ళు గడ్డపారలు తెచ్చుకుంటున్నారు, జాగ్రత్త!" అని అరిచి వెళ్ళాడు.

బాబాయి కాసేపు ఖాళీ కుర్చీని చూశాడు. తనే అందులో కూర్చుని తన ముఖానికే నురగ పూసుకుంటే కట్టుబాటు ఒప్పుకుంటుందా అని ఆలోచిస్తుండగా గుమ్మం మీద నీడ పడింది.

ఎవరో కొత్త మనిషి. తడిసిన కోటు, ఉప్పుగాలికి రేగిన జుట్టు, రెండు రోజుల గడ్డం. ఆ గడ్డం పైన మాత్రం గుబురుగా, హుందాగా, వెండిరంగు మీసం. చేపల పడవలో దిగినవాడిలా ఉన్నాడు. ఏదో భాషలో ఏదో అన్నాడు. బాబాయికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అప్పుడాయన చెంపలు రెండూ నిమురుకుని గీయమన్నట్టు చెయ్యి ఆడించాడు. తర్వాత అరచేత్తో మీసాన్ని పూర్తిగా కప్పి తల అడ్డంగా ఊపాడు. దాని జోలికి వెళ్ళొద్దని.

"అర్థమైంది సార్. మీసం మీది, గడ్డం నాది," అన్నాడు బాబాయి. అతని గొంతులో ఉన్న కృతజ్ఞత ఏ భాషవాడికైనా తెలిసిపోతుంది.

తువ్వాలు గుమ్మానికి ఎక్కింది. వేడినీళ్ళలో పిండిన ఇంకో తువ్వాలు ఆ మనిషి ముఖం మీద పరిచేసరికి ఆయన నోట్లోంచి ఒక నిట్టూర్పు వచ్చింది. రాత్రంతా పడవలో కుదుపులు తిన్నవాడికి వెచ్చటి గుడ్డకన్నా కావలసింది ఏముంటుంది! బాబాయి నురగను మామూలుకన్నా మూడింతలు గిలక్కొట్టాడు. కళ్ళు, ముక్కు తప్ప ముఖమేదీ కనిపించనంతగా పూశాడు.

గడ్డపారలతో ఇద్దరు పనివాళ్ళు వచ్చారు. తువ్వాలు చూసి గుమ్మం బయటే ఆగారు. వాళ్ళ వెనక కార్యదర్శి వచ్చాడు.

కార్యదర్శికన్నా ముందు అతని మీసం వచ్చిందనడం సబబు. నల్లగా, నూనెతో మెరుస్తూ, రెండు కొసలూ పైకప్పు వైపు చూసే మీసం అది. పై అంతస్తులో ఫైళ్ళు కదలకపోతే కార్యదర్శి దాన్ని మెలేసేవాడు. ఫైళ్ళు కదిలేవి. బాబాయి మూతి మీదున్న సన్నటి గీతను చూసినప్పుడల్లా, "అది మీసమా, కనుబొమ్మేమైనా జారిందా?" అని నవ్వడం అతనికి అలవాటు.

"ఇంకా ఇక్కడే ఉన్నావేమయ్యా? ఏరా, చూస్తారేం? పీకండి!"

"లోపల నురగుందండీ," అన్నాడు పెద్ద పనివాడు, గడ్డపార నెమ్మదిగా గోడకు ఆనించి.

"నురగేంటి? సముద్రంలో లేదా నురగ?"

బాబాయి కత్తి ఆపకుండా, తల తిప్పకుండా మాట్లాడాడు. "కుర్చీ పీకాలంటే ఈయన లేవాలి సార్. ఈయన లేవాలంటే గడ్డం అవ్వాలి. గడ్డం అవ్వాలంటే నా చెయ్యి ఆడాలి. నా చెయ్యి ఆడాలంటే మీరు బయటుండాలి."

"నాకే ఎదురు చెప్తావా?"

"ఎదురేం లేదు సార్. కుర్చీ నేలలో ఉంది, నేను కుర్చీ పక్కనున్నాను. మీరే ఎదురుగా వచ్చారు."

కార్యదర్శి ముఖం కందగడ్డలా అయింది. ఒక్క అంగలో లోపలికొచ్చి, "ఎవడివయ్యా నువ్వు? లే ముందు!" అంటూ కుర్చీ పక్కనున్న పిడి పట్టుకుని లాగాడు. అది కుర్చీ వెనకభాగాన్ని కిందికి దించే పిడి. దాన్ని లాగాలంటే ముందు మెల్లగా వదులు చేయాలి. కార్యదర్శి జీవితంలో దేన్నీ మెల్లగా వదులు చేసినవాడు కాదు. కుర్చీ దభాలున వెనక్కి పడింది. నురగ గిన్నె గాల్లోకి లేచి అద్దాన్ని, గోడను, కార్యదర్శిని సమానంగా తడిపింది. ఆ సమయానికి బాబాయి కత్తి కొత్తమనిషి పై పెదవి అంచున ఉంది.

ఒక్క చుక్క రక్తం రాలేదు. అదొక్కటే దేవుడి దయ. ఎడమవైపు మీసం మాత్రం తెల్లటి గుడ్డ మీద, చచ్చిన పిచ్చుకలా పడి ఉంది.

గుమ్మంలోని చిన్న పనివాడు ఎందుకో బయటి గోడ వైపు చూశాడు. అక్కడ స్వాగతం చెబుతూ విదేశీ ప్రతినిధి బొమ్మతో పెద్ద పోస్టరు అంటించి ఉంది. అతను పోస్టరును చూశాడు, కుర్చీలోకి చూశాడు, మళ్ళీ పోస్టరును చూశాడు.

"అయ్యా," అన్నాడు. "గోడమీద పెద్దాయన... సగం అచ్చు గుద్దినట్టు ఈయనేనండీ."

కార్యదర్శి కాళ్ళ కింద నేల కదిలింది. ప్రతినిధి మధ్యాహ్నం పెద్ద ఓడలో, బ్యాండు మేళం మధ్య దిగాలి. ఆయనకు బ్యాండు మేళాలంటే తలనొప్పి అనీ, ఎక్కడికెళ్ళినా ముందురోజే ఏదో పడవెక్కి ఒంటరిగా ఊరు చూస్తాడనీ ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన దుబాసీ పెద్ద ఓడలో వస్తోంది.

ప్రతినిధి లేచి కూర్చున్నాడు. అద్దంలో తనను తాను చాలాసేపు చూసుకున్నాడు. బాబాయి కత్తి మడిచి చేతిలో పట్టుకున్నాడు. ఆయన అది గమనించి, ఆ చేతిని రెండుసార్లు మెల్లగా తట్టి, మిగిలిన సగాన్ని చూపించి, అదీ తీసెయ్యమని సైగ చేశాడు. బాబాయి తీశాడు. అంత బరువైన మీసం అతను ఇంతకుముందు ఎప్పుడూ తీయలేదు.

తర్వాత ప్రతినిధి కార్యదర్శి వైపు తిరిగాడు. అతని మీసాన్ని వేలితో చూపించాడు. తన బోడి పై పెదవి మీద వేలిని అడ్డంగా రెండుసార్లు గీశాడు. ఏదో అన్నాడు. ఆపైన జేబులోంచి శుభ్రమైన రుమాలు తీసి అందించాడు.

"ఏమంటున్నాడ్రా?" అన్నాడు కార్యదర్శి. గొడవ విని దిగొచ్చిన బావమరిది పక్కనే ఉన్నాడు.

"మీదీ తీయించుకోమంటున్నట్టుందండీ."

"నాదెందుకు?"

"సమాన ప్రాతిపదిక అని ఒప్పందంలో ఉంది కదండీ. మీరే రాశారు."

"అది చేపలకి సంబంధించిందిరా!"

"ఆయన మీసాలకి కూడా అనుకున్నారేమోనండీ."

"మరి ఈ రుమాలేంటి?"

బావమరిది రుమాలు వైపు చూశాడు. "తీశాక కళ్ళు తుడుచుకోడానికేమోనండీ. పెద్దమనిషి."

కార్యదర్శి కళ్ళ ముందు ఆస్పత్రి ఓడ వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. దాని వెనకే అతని పదోన్నతి ఈదుకుంటూ వెళ్ళింది. అతను వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

"సార్, ఇది పీకేస్తున్న కుర్చీ కదా," అన్నాడు బాబాయి. "పర్వాలేదా?"

"నోరు మూసుకుని గీయి."

"గీస్తాను సార్. కానీ నురగ పెట్టాక మిమ్మల్ని కూడా ఎవరూ లేపలేరు. మీరు చెప్పినా సరే."

కార్యదర్శి కళ్ళు మూసుకున్నాడు. బాబాయి ఎగతాళి చేయలేదు. ఎంత శత్రువైనా కుర్చీలో కూర్చుంటే ముఖమే. వెచ్చటి తువ్వాలు అతనికీ పరిచాడు.

ప్రతినిధిని, కార్యదర్శిని ఒకరి పక్కన ఒకరిని నున్నటి మూతులతో చూసినప్పుడు పై అంతస్తు గతుక్కుమంది. కార్యదర్శి ఉద్యోగమైనా వదులుకుంటాడు గానీ మీసం వదులుకునే మనిషి కాదే! కారణం ఏదో ఉండి తీరాలి. మొదటి గదిలో అది ఆ దేశపు మర్యాద అయింది. రెండో గదికి చేరేసరికి మీసంతో సంతకం పెడితే అవమానం కింద లెక్క. మూడో గదిలో, ఒక్క మీసం కనిపించినా ఆస్పత్రి ఓడ రాదు. ఆ మాట అన్న గుమాస్తా భార్యకు ఆ ఓడలోనే కంటి ఆపరేషను జరగాలి. అందరికన్నా ముందు మెట్లు దిగింది అతనే.

అతని వెనక లెక్కల అధికారి, రేవు అధికారి, బ్యాండు మాస్టరు, బాకా ఊదేవాడు. వరస మెట్ల మీదుగా పైకి పాకింది. హాల్లో కూర్చోబెట్టిన పెద్దమనుషులూ నిద్ర లేచి వచ్చి వరసలో చేరారు. హెడ్మాస్టరు, "నన్ను పొద్దున్నే రమ్మన్నారు కదయ్యా, నాది మొదటి వంతు," అని గొడవపడ్డాడు. బావమరిది కూడా ఎవరూ అడగకుండానే వరస మధ్యలో దూరి, తనకున్న చిన్న మీసాన్ని సమర్పించుకున్నాడు.

"నీకేమొచ్చిందిరా?"

"పైన అందరికీ పోయాయి బావా. నాకొక్కడికే ఉంటే కార్యదర్శిగారు ఊరుకుంటారా?"

తెల్ల తువ్వాలు గుమ్మం మీదే ఉంది. గడ్డపారలు గోడకు ఆనుకుని కునికాయి. బాబాయి ఊహించిన దానికన్నా పథకం బాగా నడుస్తోంది. ఒక్కో ముఖానికీ రెండేసి సార్లు నురగ పూస్తూ, మధ్యమధ్య కత్తిని అక్కర్లేకపోయినా నూరుతూ అతను సాయంత్రం వైపు మెల్లగా నడిచాడు.

మధ్యాహ్నం పెద్ద ఓడ వచ్చింది. బాకా ఊదేవాడికి పై పెదవికి అలవాటు లేని గాలి తగిలి స్వాగతగీతం దారి తప్పింది. ఓడలోంచి దుబాసీ దిగింది. వయసు మళ్ళిన ఆవిడ. సముద్రపు కుదుపులు ఆవిడ మొహాన్ని పాలరాయిలా తెల్లగా చేశాయి. గీయించుకున్నవాళ్ళ గుంపును దాటుకుంటూ సెలూను ముందు బల్ల మీద కూర్చున్న ప్రతినిధిని చేరి, ఆయన మూతిని చూసి కెవ్వుమంది. ఇద్దరూ వాళ్ళ భాషలో మాట్లాడుకున్నారు. ముందు ఆయన నవ్వాడు, తర్వాత ఆవిడ నవ్వింది. తర్వాత ఇద్దరూ నవ్వును ఆపుకోడానికి సముద్రం వైపు తిరిగారు.

"అమ్మా," అన్నాడు కార్యదర్శి, రుమాలు ఇంకా చేతిలోనే ఉంది. "ఆయన కోరినట్టే చేశామని చెప్పండి. అందరం."

"ఆయన ఏం కోరారు?"

"అదే... మీసాలు."

దుబాసీ ప్రతినిధిని అడిగింది. జవాబు విని కళ్ళు తుడుచుకుంది. "ఆయన అన్నది ఇదండీ. 'బాబూ, మీ మీసానికి నురగ అంటింది, తుడుచుకోండి.' అందుకే రుమాలిచ్చారట."

మెట్ల మీద పైనుంచి కిందిదాకా చేతులన్నీ ఒక్కసారి మూతుల మీదికి వెళ్ళాయి. అక్కడ ఏమీ లేదు. సరిగ్గా అప్పుడే బాబాయి ఆఖరి ముఖాన్ని తుడిచి, "అయింది హెడ్మాస్టరుగారూ," అన్నాడు. ఆయన లేచాడు. కుర్చీ ఖాళీ అయింది.

కార్యదర్శి అది చూశాడు. చెయ్యి అలవాటుగా మీసం మెలేయడానికి లేచి, గాలిని మెలేసి దిగింది. దాంతో అతనికి పూర్తిగా పిచ్చెక్కింది.

"ఇదంతా వీడి వల్లే! నురగ లేదిప్పుడు. ఎవడూ లేడు. పీకండి! నా ముందే పీకండి!"

పనివాళ్ళు లోపలికొచ్చారు. బాబాయి కుర్చీకి అడ్డంగా నిలబడ్డాడు. చేతిలో కత్తి లేదు, బ్రష్షు మాత్రం ఉంది. దాన్నే గట్టిగా పట్టుకున్నాడు.

"మా నాన్న దీన్ని పాతినప్పుడు ఈ మెట్లు కూడా లేవు," అన్నాడు. గొంతు పెద్దది చేయలేదు. "మీరు ఓడ బొమ్మలు పెట్టుకుంటానంటున్నారు. ఓడలు ఇక్కడ నిజంగానే ఆగాయి సార్, ఈ తువ్వాలు చూసి. పీకితే పీకండి. నేను మాత్రం పక్కకి జరగను."

"ఏమంటున్నారు ఆయన?" అని ప్రతినిధి అడిగినట్టున్నాడు. దుబాసీ పక్కనున్న రేవు అధికారిని నురగ సంగతి అడిగి తెలుసుకుని చెప్పింది. చాలాసేపు చెప్పింది. కుర్చీని, తువ్వాలును, గడ్డపారలను, రేవులో ఆగిన ఓడను ఒక్కొక్కటిగా చూపిస్తూ చెప్పింది. ప్రతినిధి శ్రద్ధగా విన్నాడు. లేచి లోపలికొచ్చాడు. బాబాయి చేతిలోంచి మర్యాదగా బ్రష్షు తీసుకున్నాడు. గిన్నెలో తిప్పాడు. పొద్దున్నే గీయించుకున్న తన నున్నటి చెంపలకు తనే నురగ పూసుకున్నాడు, చెవుల దాకా. వెళ్ళి కుర్చీలో కూర్చుని, మెడకింద గుడ్డ సర్దుకుని, కళ్ళు మూసుకున్నాడు.

గుమ్మంలో ఏదో కదిలింది. ఇందాక హెడ్మాస్టరు లేవగానే దించిన తెల్ల తువ్వాలును బావమరిది మళ్ళీ మేకుకు తగిలిస్తున్నాడు.

"ఏం చేస్తున్నావురా?" అని ఉరిమాడు కార్యదర్శి.

బావమరిది తగిలించడం ఆపలేదు. "తువ్వాలు ఆరేస్తున్నానండీ."

"తువ్వాలు ఎక్కింది," అన్నాడు రేవు అధికారి, టోపీ సర్దుకుంటూ. "ఓడే ఆగుతుంది సార్. మనమెంత?"

ఈ సందడికి మండలి అధ్యక్షురాలు మెట్లు దిగింది. పొద్దుటినుంచి పై అంతస్తులో ఆవిడ ఒక్కతే సంతకాల బల్ల ముందు కలం పట్టుకుని కూర్చుని ఉంది. దిగుతూ దారి పొడవునా ఉన్న మూతులను చూసింది. సెలూను గుమ్మంలో నిలబడి లోపలికి చూసింది. కుర్చీలో నురగతో విదేశం, పక్కన తువ్వాలుతో బాబాయి, మూలకు సర్దుకున్న పనివాళ్ళు.

"ఈ గది ఖాళీ చేసి ఏం పెడదామనుకున్నారు?" అని కార్యదర్శిని అడిగింది.

"మైత్రిని చూపించే వస్తువులు మేడమ్."

"ఇంకా ఏం చూపిస్తారు?" అంది ఆవిడ. "సంతకాల బల్లను కిందికి తెప్పించండి. ఆ ఇత్తడి పలక కూడా. బాబాయ్, ఆయన సంతకం పెట్టేదాకా నురగ ఆరనివ్వకండి."

ఒప్పందం మీద సంతకాలు సెలూనులోనే జరిగాయి. ప్రతినిధి కుర్చీలోంచే పెట్టాడు. కాగితం మీద ఒక మూల నురగ చుక్క పడితే, దాన్ని తుడవొద్దని దుబాసీ చేత చెప్పించాడు. 'మైత్రీ మందిరం' పలకను సెలూను గుమ్మం మీద, తువ్వాలు మేకుకు కాస్త పైన కొట్టారు. ఓడ బొమ్మలు మంచు ఫ్యాక్టరీ వెనక షెడ్డుకు వెళ్ళాయి.

ఫోటో కోసం అందరూ కుర్చీ చుట్టూ నిలబడ్డారు. బాబాయి ఒక పక్కకు తప్పుకోబోతే ప్రతినిధి అతని మోచెయ్యి పట్టుకుని పక్కకు లాక్కున్నాడు. సాయంత్రం ఇల్లు చేరిన బాబాయిని భార్య ఎగాదిగా చూసింది. అతను వచ్చాడు, కుర్చీ రాలేదు. తువ్వాళ్ళ మూట అందుకుంది.

ఆ ఫోటో పై అంతస్తు హాల్లో, కార్యదర్శి కూర్చునే చోటుకు సరిగ్గా ఎదురుగా వేలాడుతోంది. అందులోని మగవాళ్ళలో మీసం ఉన్నది ఒక్కడికే. అది కూడా కనుబొమ్మ జారినట్టు ఉంటుంది.